మర్నాటి చారు

మొన్న శుక్రవారం రిలీజు అయిపోయిందని మా టీములో కుర్రాళ్ళంతా పార్టీ చేసుకున్నారు. నేను తొమ్మిదింటికే ఇంటికొచ్చేశా. శనివారం పొద్దున్న లేచి ఫోను చూస్తే టీము వాట్సాపులో ఒకడి ఆర్తనాదం: "తల బద్దలైపోతోంది, ఎవరన్నా ఏదన్నా చెప్పండ్రా బాబూ." ఇహ చూస్కోండి, వైద్యులంతా బయల్దేరారు. మజ్జిగలో ఉప్పేసుకోమని ఒకరు, నిమ్మకాయ నీళ్ళని ఒకరు, పాయా అని పాతబస్తీ కుర్రాడు, "ఇంకో పెగ్గెయ్, అదే దిగుతుంది" అని ఇంకో మహానుభావుడు. నేను మాత్రం "ఎండుచేపల చారు" అని రాశా. అందరూ పగలబడి నవ్వుతున్న బొమ్మలు పెట్టారు.

నేను జోకెయ్యలేదు. ఆ చారుకి ఆరేడు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్ర చదివినప్పుడల్లా నాకు మా అమ్మ గుర్తొస్తుంది. రెంటికీ సంబంధం ఏంటో చెప్పడానికే ఈ టపా. కాస్త పెద్దదే, ఓపిక పట్టండి.

2006లో ఆన్‌సైటు పేరుతో ఆరు నెలలు సియోల్‌లో ఉన్నాను. కొరియా ఆఫీసుల్లో 'హ్వేషిక్' అని ఒకటుంటుంది. అంటే ఆఫీసువాళ్ళంతా కలిసి భోంచెయ్యడం. పేరుకే భోజనం. మొదటి రౌండు ఒక హోటల్లో, రెండో రౌండు ఇంకో చోట, మూడోది ఇంకెక్కడో. పెద్దవాడు గ్లాసు అందిస్తే చిన్నవాడు రెండు చేతులా పుచ్చుకోవాలి, తల పక్కకి తిప్పి తాగాలి. కాదంటే బావుండదు. అర్ధరాత్రి దాటాక ఒకరినొకరు మోసుకుంటూ వెళ్ళినవాళ్ళు పొద్దున్నే టై కట్టుకుని ఠంచనుగా సీట్లో ఉండేవారు. ఇదెలా సాధ్యంరా దేవుడా అనుకునేవాణ్ణి. రెండో వారానికి తెలిసింది. ఆఫీసుకొచ్చేముందు వాళ్ళంతా 'హెజాంగ్‌గుక్' తాగి వస్తున్నారు.

'గుక్' అంటే చారు లాంటిది. 'హెజాంగ్' అనేది మొదట 'హెజొంగ్' అట. చైనా లిపిలో రాసే పాత మాట, తాగిన మర్నాటి బాధని వదిలించడం అని అర్థం. జనం నోట్లో నలిగి హెజాంగ్ అయింది. 'జాంగ్' అంటే పేగులు కూడా కాబట్టి పేగుల్ని కడిగే చారు అని చాలామంది అనుకుంటారు. ఏదైతేనేం, ఆ బాధకొక పేరుంది, దాన్ని దించే పనికొక పేరుంది, ఆ పని చేసే చారుకొక పేరుంది. మా ఇంట్లో మాత్రం అలాంటి పేరేం ఉండేది కాదు. "మీ నాన్నకి ఒంట్లో బాలేదు, గోల చెయ్యకండి" అనేవాళ్ళు, అంతే. ఆ సంగతి తర్వాత.

కొరియా వాళ్ళ రాతల్లో ఈ చారు మొదట కనబడేది ఎక్కడంటే, ఒక భాషా వాచకంలో. 'నోగొల్దే' అని గొర్యో రాజ్యం చివరి రోజుల్లో, అంటే 14వ శతాబ్దంలో, కొరియన్లకి చైనా భాష నేర్పడానికి రాసిన పుస్తకం. మన '30 రోజుల్లో హిందీ' పుస్తకాలకి తాతమ్మ అనుకోండి. గుర్రాలు, నారబట్ట, జిన్సెంగు వేర్లు అమ్ముకోడానికి బీజింగు వైపు వెళ్ళే వ్యాపారుల సంభాషణలే పాఠాలు. బేరం ఎలా ఆడాలి, సత్రంలో ఏమని అడగాలి, ఇలాంటివన్నమాట. అందులో 'మత్తు దించే చారు' అన్న మాటొస్తుంది. సన్నగా తరిగిన మాంసం, నూడుల్సు, ఉల్లికాడలు, మిరియంలా ఘాటుగా ఉండే ఒక గింజ పొడి వేసి కాచేది. పరాయి దేశం వెళ్ళే వ్యాపారికి తప్పనిసరిగా రావాల్సిన మాటల్లో ఇదొకటని రాసినవాళ్ళు అనుకున్నారంటే, ఆ వ్యాపారుల సాయంత్రాలు ఎలా గడిచేవో ఊహించుకోవచ్చు :)

ఎండుమిరపకాయ అప్పటికింకా అటువైపు రాలేదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలు తెచ్చేదాకా మన దగ్గరా లేదు. కాబట్టి ఆ రోజుల్లో ఘాటు చారంటే వాళ్ళకి ఆ గింజలు, మనకి మిరియాలు.

ఇంకో కథ నాకు భలే నచ్చింది. 'హ్యోజోంగ్‌గెంగ్' అని ఒక చారుండేది. తెల్లారుగంట చారు అని చెప్పుకోవచ్చు. సియోల్‌కి ఆగ్నేయంగా 20 పైచిలుకు కిలోమీటర్ల దూరంలో నమ్‌హాన్‌సన్‌సొంగ్ అనే కొండకోట ఉంది. అక్కడ క్యాబేజీ, సోయా మొలకలు, పుట్టగొడుగులు, పశువు పక్కటెముకలు, కొన్ని సముద్రపు జీవాలు వేసి, పులియబెట్టిన సోయా ముద్ద కలిపి రోజంతా కాచేవారు. రాత్రి ఆ కుండల్ని దూదిబొంతల్లో చుట్టి పట్నానికి పంపేవారు. అప్పట్లో సియోల్ కోటలో రాత్రి పదింటి ప్రాంతంలో 28 గంటలు కొట్టి తలుపులు మూసేవారు. తెల్లారగట్ల నాలుగింటి ప్రాంతంలో 33 గంటలు కొట్టి తెరిచేవారు. ఆ గంటలు మోగే వేళకి ఈ చారు మంత్రుల ఇళ్ళకి చేరేది, ఇంకా వేడి తగ్గకుండానే. ఛోయ్ యంగ్‌న్యొన్ అనే ఆయన 1925లో అచ్చైన 'హేదోంగ్ జుక్‌జి' అనే పుస్తకంలో ఈ సంగతంతా రాశాడు. కొరియాలో మొట్టమొదటి హోమ్ డెలివరీ ఇదేనని ఇప్పుడు వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు.

చదివినప్పుడు నేనూ గొప్పే అనుకున్నా. తర్వాత ఒక డౌటొచ్చింది. మంత్రిగారు తాగారు, చారు వచ్చింది, మత్తు దిగింది, బానే ఉంది. మరి రోజంతా పొయ్యి దగ్గర కూచున్నదెవరు? చలికాలం రాత్రిపూట బొంతలో చుట్టిన కుండ మోసుకుంటూ కొండ దిగిందెవరు? వాళ్ళ గురించి ఒక్క పేరు కూడా మిగల్లేదు. 18, 19 శతాబ్దాల సంధిలో షిన్ యున్‌బోక్ అనే చిత్రకారుడు వేసిన ఒక సారాకొట్టు బొమ్మ ఉంది. పొయ్యి పక్కన కూచుని గరిటె పట్టుకున్న ఆడమనిషి, చుట్టూ నిలబడ్డ మగాళ్ళు. ఆ మగాళ్ళ బట్టల్ని బట్టి ఎవరే ఉద్యోగమో చరిత్రకారులు చెప్పేస్తారు. గరిటె పట్టుకున్నావిడ మాత్రం ఉత్త 'జుమో', అంటే కొట్టు నడిపే ఆడమనిషి, అంతే.

సరే, ఇరవయ్యో శతాబ్దానికొద్దాం. సియోల్ నడిబొడ్డున జోంగ్‌నో వీధి పక్కన ఛొంగ్‌జిన్‌దోంగ్ అనే పేట. చుట్టుపక్కల పల్లెల నించి కట్టెలమ్ముకునేవాళ్ళు తెల్లారేసరికి అక్కడికి చేరేవారు. వాళ్ళ కడుపు నింపడానికి పుట్టినవే అక్కడి హెజాంగ్‌గుక్ కొట్లు. పశువు ఎముకలు కాచిన నీళ్ళు, గడ్డకట్టిన రక్తం ముక్కలు, క్యాబేజీ పై ఆకులు, సోయా ముద్ద. పారేసే వాటితోనే చేసిన వంట. ఛొంగ్‌జినోక్ అనే కొట్టు 1937లో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. కాబట్టి ఇది మొదట తాగుబోతుల చారు కాదు, కూలీల చారు.

దీన్ని తాగినవాళ్ళ చారుగా మార్చడంలో ప్రభుత్వం చెయ్యి కూడా ఉంది. 1945 సెప్టెంబరులో అమెరికా సైన్యం సియోల్‌లో దిగగానే రాత్రి కర్ఫ్యూ పెట్టింది. యుద్ధం వచ్చింది, పోయింది, సైనిక ప్రభుత్వాలొచ్చాయి, కర్ఫ్యూ మాత్రం ఉండిపోయింది. అర్ధరాత్రి పన్నెండు నించి తెల్లారగట్ల నాలుగు దాకా రోడ్డు మీద కనబడితే స్టేషనుకే. పన్నెండు లోపు ఇల్లు చేరలేనివాళ్ళు లోపల తలుపులేసుకుని నాలుగింటి దాకా తాగుతూ కూచునేవారు. నాలుగు కొట్టగానే బిలబిలమంటూ చారుకొట్ల మీద పడేవారు. 1982 జనవరి 5న కర్ఫ్యూ ఎత్తేశారు. అంటే దాదాపు 36 ఏళ్ళ పాటు ఒక నగరమంతా ఒకే టైముకి తాగడం ఆపి ఒకే టైముకి చారు తాగిందన్నమాట. పాత రాజుల కాలంలో గంటలు మోగిన వేళా నాలుగే, కర్ఫ్యూ వదిలే వేళా నాలుగే. చారుకి ఆ ముహూర్తమే రాసిపెట్టుందేమో.

నేను వెళ్ళేసరికి ఆ సందులు ఇంకా ఉన్నాయి. 2000ల చివర్లో వాటిని కొట్టేసి అద్దాల మేడలు కట్టారు, కొట్లు ఆ మేడల్లోకి మారాయి.

ఇదంతా కొట్లలో తాగే చారు సంగతి. ఇళ్ళలో కాచేది వేరు. దాని పేరు 'బుగొగుక్'. బుగొ అంటే ఎండబెట్టిన మ్యోంగ్‌తే చేప. శీతాకాలంలో కొండల మీద దండేలకి కట్టి వదిలేస్తే రాత్రి గడ్డకట్టి, పగలు కరిగి, మూడు నాలుగు నెలలకి పసుపుపచ్చగా, గుల్లగా తయారయ్యే రకాన్ని 'హ్వాంగ్‌తే' అంటారు. కొరియా యుద్ధంలో ఉత్తరాది నించి పారిపోయొచ్చినవాళ్ళు గాంగ్‌వొన్ కొండల్లో తమ ఊరి చలిని వెతుక్కుని ఈ పని మొదలుపెట్టారు. ఇప్పుడా చేప వాళ్ళ సముద్రంలో దాదాపు లేదు. 2019లో పట్టడమే నిషేధించారు. ఎక్కువగా రష్యా నించి తెచ్చుకుంటున్నారు.

ఈ చేప మామూలుగా ఎండిన కట్టెలా ఉంటుంది. మెత్తబడాలంటే దుడ్డుకర్రతో బాదాలి. అది నాకెలా తెలిసిందో చెప్తా.

ఒక రాత్రి హ్వేషిక్ మూడో రౌండు అయ్యేసరికి ఆఖరి రైలు వెళ్ళిపోయింది. మా మేనేజరు బలవంతంగా వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. హాల్లో పరుపేసి పడుకోబెట్టారు. తెల్లారి ఐదింటికి ఒక చప్పుడుకి మెలకువొచ్చింది. దబ్, దబ్, దబ్. ఎక్కడున్నానో అర్థం కాలేదు. ఒక్క క్షణం కావలిలో మా ఇంట్లో ఉన్నాననుకున్నా, మా అమ్మ మిరియాలు దంచుతోందనుకున్నా.

లేచి చూస్తే వంటింట్లో మేనేజరు భార్య. కింద కూచుని, గుడ్డలో చుట్టిన చేపని కర్రతో బాదుతోంది. తర్వాత దాన్ని పీచు పీచుగా చీల్చి, నానబెట్టి, పిండి, నువ్వులనూనెలో వేయించింది. బియ్యం కడిగిన నీళ్ళు పోసింది. ముల్లంగి ముక్కలు, వెల్లుల్లి, సోయా మొలకలు, ఆఖర్న గిలక్కొట్టిన గుడ్డు. చారు పాలలా తెల్లగా వచ్చింది. మాకిద్దరికీ వడ్డించింది. ఆవిడ తినలేదు, స్కూల్లో టీచరు, బస్సుకి టైమైపోయిందని పరిగెత్తింది. చారు అమృతంలా ఉంది, అబద్ధమెందుకు. మూడు గుక్కలకి కళ్ళు తెరుచుకున్నాయి.

అప్పుడు మా మేనేజరు నవ్వుతూ వాళ్ళ సామెతొకటి చెప్పాడు. ఎండుచేపనీ ఆడదాన్నీ మూడు రోజులకోసారి బాదాలట, అప్పుడే రుచట. ఆయన కనిపెట్టింది కాదు, కొరియాలో అందరికీ తెలిసిన పాత సామెతే. నేనూ నవ్వాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది కానీ రాయకపోతే ఈ టపాకి అర్థం లేదు. ఐదింటికి లేచి చారు కాచిపోసిన మనిషి కుర్చీ ఇంకా ఖాళీగా ఉంది, ఆవిడ చారు తాగుతూ ఆ సామెతకి నవ్వాను. ఇంటికి మగాడే యజమాని అనే చట్టం రాజ్యాంగానికి విరుద్ధమని వాళ్ళ కోర్టు 2005లో చెప్పింది, 2008 నించి అది రద్దైంది. చట్టం పోయినంత తేలిగ్గా సామెతలు పోవు కదా.

ఇక మా అమ్మ సంగతి. నాన్న ఆఫీసులో గుమాస్తా. మంచివారే, మమ్మల్ని ఏనాడూ కొట్టలేదు. కాకపోతే వారానికి మూడు రోజులు బ్రాందీ. మర్నాడు పొద్దున్న నాలుగున్నరకి రోట్లో మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి దంచే చప్పుడు వినబడేది. ఆ చప్పుడు వినగానే చెల్లీ నేనూ మెల్లిగా మాట్లాడుకోవడం మొదలుపెట్టేవాళ్ళం. నాన్నకి ఒంట్లో బాలేదని మాకు అలా తెలిసేది. అమ్మ చారు గ్లాసులో పోసి మంచం పక్కన పెట్టేది. ఆయన తాగి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకి వెళ్ళేవారు. ఊళ్ళో అందరూ "ఎంత తాగినా డ్యూటీకి లేటవడయ్యా" అని మెచ్చుకునేవారు. ఆ మెచ్చుకోలు అమ్మకి రావాల్సింది.

1992లో నాకు పన్నెండేళ్ళు. మా నెల్లూరు జిల్లాలోనే దూబగుంటలో ఆడవాళ్ళు సారాకొట్టు మూయించారు. రాత్రిబడుల్లో అక్షరాలు దిద్దుకుంటూ మాట్లాడుకున్న మాటల్లోంచి వచ్చిన ఉద్యమం అది. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరు 1 నించి రాష్ట్రంలో సారా బందయింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది, 1997లో చంద్రబాబు ప్రభుత్వం ఎత్తేసింది. మధ్యలో ఆ రెండేళ్ళు. నాన్న మొదట్లో ఎక్కడెక్కడి నించో తెప్పించుకున్నారు గానీ ఆ రేట్లు గుమాస్తా జీతానికి కుదర్లేదు. నిషేధం మంచిదా చెడ్డదా, దొంగసారా ఎంత పారింది, ఖజానాకి ఎంత నష్టం, ఇవన్నీ ఎన్నోసార్లు వాదించుకున్నవే, మళ్ళీ ఇక్కడ మొదలుపెట్టను. నాకు తెలిసిన లెక్క ఒక్కటే: ఆ రెండేళ్ళూ మా అమ్మ ఆరింటిదాకా పడుకుంది. నిద్రపోతున్న అమ్మని నేను పొద్దుటిపూట చూడ్డం అప్పుడే మొదలు. 1997లో రోలు మళ్ళీ మోగింది. నాన్న 2001లో పోయారు. లివరు.

తమాషా ఏంటంటే, అదే 1992లో కొరియాలో ఒక పెద్ద కంపెనీ 'కండిషన్' అనే సీసా మందు మార్కెట్లోకి వదిలింది. తాగేముందో తాగాకో పుచ్చుకుంటే మర్నాడు తల నెప్పి ఉండదట. ఇప్పుడక్కడ ఇలాంటివి ప్రతి కొట్లోనూ దొరుకుతాయి. ఒక చోట ఆడవాళ్ళు కొట్టు మూయించారు, ఇంకో చోట చారుని సీసాలో పోసి అమ్మారు.

ఇంతకీ చారు పనిచేస్తుందా? మందు కడుపులోకి వెళ్ళాక లివరు దాన్ని అసిటాల్డిహైడ్ అనే విషంగా, తర్వాత దాన్ని హానిలేని పదార్థంగా మారుస్తుంది. ఆ పనికి పట్టే టైము పడుతుంది, తొందరపెట్టే మీట ఏదీ లేదు. సోయా మొలకల్లో ఉండే అస్పరాజిన్ వల్ల తగ్గుతుందని కొరియన్లు చెబుతారు. 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక సమీక్ష వచ్చింది, అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ చూసి, హ్యాంగోవరుని ఆపే లేదా తగ్గించే వైద్యమేదీ గట్టి ఆధారంతో లేదని తేల్చింది. చారులో ఉండేది నీళ్ళు, ఉప్పు, వేడి, కాస్త మాంసకృత్తులు. ఇంకోటి కూడా ఉంది, "నీ కోసం ఒకరు లేచారు" అన్న ఊరట. నా మట్టుకు నాకు చారు మహిమలో సగం అదేననిపిస్తుంది. ఆ ఊరట కోసం ఎవరి నిద్ర ఖర్చైందో మాత్రం మనం లెక్కెయ్యం.

తాగొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. నేనూ తాగినవాణ్ణే. పెళ్ళైన కొత్తలో సియోల్ కబుర్లు గొప్పగా చెప్పి మా ఆవిడ చేత రెండుసార్లు ఆ చారు కాయించుకున్నాను కూడా. రెండోసారి మా అమ్మ మా ఇంట్లోనే ఉంది. వంటింట్లో నిలబడి కోడల్ని చూస్తూ కొరియా కథంతా విని, "ఏంది అబ్బయా, ఆడ కూడా ఆడోళ్ళే లేస్తారా?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. ఆ రోజు నించి మా ఇంట్లో రూలు మారింది.

రూలు ఇదీ: ఎవరు తాగబోతున్నారో వాళ్ళే, తాగడానికి వెళ్ళేముందే, చారు కాచి ఫ్రిజ్జులో పెట్టాలి. ఎండుచేప పీచు ఒక గుప్పెడు (బెంగుళూరు, చెన్నైల్లో కొరియన్ సరుకుల కొట్లలో చీల్చిందే దొరుకుతుంది, బాదక్కర్లేదు). పది నిమిషాలు నానబెట్టి పిండండి. చెంచాడు నువ్వులనూనెలో వెల్లుల్లితో వేయించండి. బియ్యం కడిగిన రెండో నీళ్ళు నాలుగు గ్లాసులు, ముల్లంగి ముక్కలు వేసి ఇరవై నిమిషాలు సన్నసెగ మీద మరిగించండి. ఉప్పు, ఉల్లికాడలు. పొద్దున్న వేడి చేసి గుడ్డు కొట్టి కలుపుకోండి. చేప పడనివాళ్ళకి మన మిరియాల చారు ఎలాగూ ఉంది, దానికీ రూలు అదే. ఎప్పుడైతే బయల్దేరేముందు అరగంట పొయ్యి దగ్గర నిలబడాల్సి వచ్చిందో, నా పార్టీలు నెలకొకటి నించి ఏడాదికి రెండుకి వచ్చాయి.

వాట్సాపు కుర్రాడికి ఈ వంటకం పంపించా. "థాంక్స్ అన్నా, అమ్మకి ఫార్వర్డ్ చేశా, చేస్తోంది" అని జవాబిచ్చాడు.

అందుకే ఈ టపా రాశాను. వాడికి లింకు పంపిస్తున్నా.